తవ్వెడు తవుడు

మీరు టీవీల సూసీ ఆ తవిటినాయుడిని
మొదట కొన్నది నాను.

ఏలంపాట నేదు, సుత్తిదెబ్బ నేదు.
పాలకొండ రోడ్డు రైస్ మిల్లుల ఊడ్సుకొచ్చిన తవుడు,
ఒక్క తవ్వెడు.
ఆడికి ముందు ఇద్దరు పుట్టి పోనారు.
పేరెట్టీదాకా కూడా ఆగనేదు.
మూడోవోడిని సేటల ఏసి గుమ్మం దాటించి
"కొంటావేటే ఎర్రెమ్మా" అనడిగింది ఆల నాయినమ్మ.
కొన్నాను.
కొనీసి, "నాకెందుకే ఈ గుంటడు, నీకాడే పెంచు" అని
తల్లి ఒడిల ఏసీసినాను.
తవుడికొచ్చినోడు, తవిటినాయుడు.
సావు కంటికి ఆనకూడదని పెట్టిన పేరు.
ఎవులూ ఎంచుకోకూడదనే పెట్టిన పేరు.

ఆడు ఆట నేర్సుకున్నది గోగు ఊరేసిన గుంటల.
నడుంలోతు నీళ్లు, కుళ్లు కంపు, కాలికింద బురద.
తడిసిన కట్ట జారిపోద్ది, మొదలుకాడ పట్టాల.
పట్టినాక ఇడవకూడదు.
సెడుగుడుల ఎదటోడి మడం అలాగే పట్టీవోడు.
కూతకెల్లడం రాదు, ఊపిరి పొడుగు నేదు.
మూల నిలబడి, వంగుని, సూసీవోడు
కొంగ సూసినట్టు.

ఏలం రాత్రి టీకొట్టుకాడ ఒక టీవీ, ఊరంతా జనం.
ఆడి పేరు సదివినాడు, "తివారీ నాయుడు" అని.
మావు నవ్వినాం.
నవ్వు ఆగీలోపే సుత్తి పడిపోనాది.
పన్నెండు బల్లలకాడ కూకున్న కోటుబాబులు
నీళ్లు తాగతన్నారు, కాగితాలు తిప్పతన్నారు.
ఒక్క సెయ్యి లెగనేదు.
తెరమీద ఎర్రక్షరాలేవో పడ్డాయి.
నాకు సదవడం రాదు గానీ
ఆల తల్లి మొకం సదివినాను.

నిద్ర పట్టనేదు నాకు.
నా తవుడు అంత గట్టిగా పనిసేసిందేటి?
సావుకని కట్టిన గంతలు
నోకమందరికీ కట్టీసినానేటి?

ఆడు మాత్రం తెల్లారి సోడంబలి తాగి
గోగు గుంటల దిగినాడు.

నెలకి ఫోనొచ్చింది. జట్టులకి కాదు,
జట్టోలు సాధన సేసినప్పుడు
ఎదర నిలబడి దెబ్బలు తినడానికి మనిషి కావాలంట.
తిండెడతారు, మంచమిస్తారు, రోజుకింతని బత్తా.
"ఎల్తావేట్రా?"
"ఎల్తాను కొన్నమ్మా."
నన్ను అలాగే పిలుస్తాడు, సిన్నప్పట్నుంచీ.

మూడు నెల్లు పేరున్నోల కింద పడి లేసినాడు.
ఒక రాత్రి మూల ఆడీవోడికి మోకాలు తిరిగిపోతే
ఆఖరి ఏడు నిమిషాలు ఈడిని తోసినారు లోనికి.
కోటిన్నరెట్టి కొన్న కూతగాడు
గీతకి ఒక్క అంగ దూరంల ఉన్నాడు.
ఆడి మడం
గోగు మొదలైపోనాది.

తరవాత మీకు తెలిసిందే.

మీకు తెలీనిది ఒకటుంది.
ఆ ఏలం రాత్రే బొబ్బిలికాడి గుంటడి పేరూ సదివినారు,
గొర్లె జగ్గునాయుడు.
ఆడి పట్టు సూసినాను నాను, ఈడికి తీసిపోదు.
ఆడికీ ఒక్క సెయ్యి లెగనేదు.
ఆడికి ఫోను రానేదు.
ఇప్పుడు రాజాం జూట్ మిల్లుల రాత్రి డ్యూటీ సేస్తన్నాడు.
ఈడు గెలిసినప్పుడల్లా నాకు ఆడు గుర్తొస్తాడు,
ఎందుకో నాకు తెల్దు.

మొన్నటేటి ఏలంల సేతులే సేతులు.
బల్ల బల్లకీ లెగినాయి.
అంకె పెరుగుతంటే కుర్రోలు టపాసులు కాల్సినారు,
మైకట్టుకుని ఒకడొచ్చి
"రెండు కోట్లు! ఎలాగుంది మామ్మా?" అనడిగినాడు.
ఏటి సెప్పను?
ఇప్పుడందరి కళ్లూ ఆడిమీదే ఉన్నాయి.

ఎవులికీ సెప్పకుండా మిల్లుకెల్లినాను.
తవ్వెడు కొలిసినాను, తల కొట్టకుండా.
సీకట్ల ఆల పెరటిదారిని పోయి
తల్లి ముందు నిలబడినాను.
అది ఏటీ అడగనేదు.
కొంగు పట్టింది.